ప్రార్థన గదిలో ఒక పాట: 1938 నాటి ఉస్మానియా విద్యార్థుల దినచర్య, సమ్మె

కళాశాలల చరిత్ర రాసేవారు సాధారణంగా భవనాలతో మొదలుపెడతారు. శంకుస్థాపన ఎప్పుడు జరిగింది, మొదటి ప్రధానాచార్యులు ఎవరు, ఎందరు పట్టభద్రులయ్యారు అనే సంగతులు వరుసగా వస్తాయి. విద్యార్థి ఉదయం ఎన్ని గంటలకు లేచేవాడు, ఏ భాషలో పాఠం విని ఏ భాషలో ఇంటికి ఉత్తరం రాసుకునేవాడు, ఏ బట్టలు వేసుకునేవాడు, రాత్రి పడుకునే ముందు ఎక్కడ కూర్చుండి ప్రార్థన చేసేవాడు అనే సంగతులు ఆ పుస్తకాలలో దొరకవు. అయితే 1938వ సంవత్సరం చివర హైదరాబాదు సంస్థానాన్ని కదిలించిన విద్యార్థుల సమ్మె ఈ చిన్న సంగతులలోనుండే పుట్టింది. దానిని మనము వందేమాతరం ఉద్యమమని పిలుస్తూ స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టంగా చెప్పుకొంటున్నాము. అది నిజమే. అయినను ఈ వ్యాసంలో మేము దానిని ఒక హాస్టలు చరిత్రగా చదువుతున్నాము. ప్రార్థన కొరకు ఇచ్చిన గదిలో ఏది ప్రార్థన, ఏది కాదు అని చెప్పే అధికారం ఎవరిది? ఈ ప్రశ్న సంఘ కాపరులకు గాని వేదాంత విద్యార్థులకు గాని పరాయిది కాదు.

పల్లెనుండి పట్నానికి

మేము పరిచర్య చేయుచున్న మోకిల ప్రాంతంలో నేడు ఎటు చూచినను కళాశాలల బస్సులే కనబడతాయి. గండిపేటలో చైతన్య భారతి సాంకేతిక కళాశాల 1979లో వచ్చింది. తరువాత మొయినాబాదు మార్గమంతా ఇంజనీరింగు కళాశాలలతో నిండిపోయింది. వంద సంవత్సరాల క్రితం పరిస్థితి వేరు. 1908 మూసీ వరద తరువాత పట్నాన్ని కాపాడుటకు ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తయ్యాయి. పట్నానికి త్రాగునీరు ఇక్కడినుండే వెళ్లింది గాని, పట్నపు చదువు ఇక్కడికి రాలేదు. చదువు కావలసినవాడే పట్నానికి పోవలెను. సికింద్రాబాదు, వాడి మధ్య రైలు మార్గం 1874లోనే వేశారు గనుక మోకిల వైపు పిల్లవాడు శంకరపల్లి స్టేషనుకు నడిచిపోయి బండి ఎక్కవచ్చును. జొన్న రొట్టెల మూట, ట్రంకు పెట్టె, తండ్రి అప్పు చేసి ఇచ్చిన కొన్ని రూపాయలు - ఆ ప్రయాణంలో అతని వెంట ఉండేవి ఇంతకన్న ఎక్కువ కావు.

ఈ ప్రాంతంనుండి పట్నం పోయి పేరు తెచ్చుకున్నవారిలో మొయినాబాదు దగ్గరి పెద్దమంగళారం గ్రామస్థుడైన కొండా వెంకట రంగారెడ్డి ముఖ్యులు. 1890లో పుట్టి, వకీలుగా ఎదిగి, 1936లో షాద్‌నగరులో జరిగిన ఐదవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా ఆయన పేరిట ఉన్నదే. ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి సమ్మె జరిగిన ఆ సంవత్సరాలలోనే ఉస్మానియాలో వైద్యవిద్య చదివి 1941లో పట్టా పొందారు. (మహాసభల ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించిన చిలుకూరు సభ మన బాలాజీ గుడి ఉన్న చిలుకూరులో జరిగిందని ఇక్కడివారు కొందరు సంతోషంగా చెప్పుకొంటారు. అది అప్పటి నల్లగొండ జిల్లాలోని హుజూరునగరు వైపు చిలుకూరు.)

పట్నం చేరిన పిల్లవాడికి మొదటి సమస్య చదువు కాదు, తల దాచుకొనుట. అందుచేతనే తెలంగాణ విద్యా చరిత్రలో కళాశాలలకెంత స్థానమున్నదో హాస్టళ్లకు అంతే స్థానమున్నది. తరువాత కొత్వాలు పదవి పొందిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టలును స్థాపించారు. సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేసి అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. 1926లో ఆయన గోలకొండ పత్రిక ప్రారంభించినప్పుడు దానిని ఆశతో చదివినవారిలో హాస్టలు కుర్రవాళ్లు చాలామంది. రావి నారాయణరెడ్డి కూడా ఆ హాస్టలు విద్యార్థే. ఒక తరం నాయకులు తరగతి గదిలోకన్న హాస్టలు వరండాలో ఎక్కువ నేర్చుకున్నారని మా అభిప్రాయం.

అయితే హాస్టలు పేరులోనే కులమున్నదని మనము గుర్తుంచుకోవలెను. ఏ కులానికి కొత్వాలు ఉన్నాడో, ఏ కులంలో భూస్వాములు చందాలు ఇవ్వగలరో ఆ కులం పిల్లలకు గది దొరికింది. మాల మాదిగ పిల్లలకు భాగ్యరెడ్డి వర్మ పట్నంలో నడిపిన బడులు, లేక మెదకు, వికారాబాదు వంటి చోట్ల మిషను బోర్డింగులు తప్ప వేరు ఆశ్రయం లేదు. మన సంఘాలలోని పాత కుటుంబాలవారిలో మొదటి మెట్రిక్యులేటు ఎవరో అడిగి చూడండి. ఆయన బోర్డింగులోనే పెరిగియుంటాడు. 1938 సమ్మె కథలో ఈ పిల్లల పేర్లు కనబడకపోవుటకు కారణం దేశభక్తి లేక కాదు. విశ్వవిద్యాలయపు హాస్టలుదాకా చేరినవారు వారిలో బహు కొద్దిమంది.

ఉస్మానియాలో ఒక దినము

హైదరాబాదులో అప్పటికి రెండు దారులున్నాయి. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఇంగ్లీషులో బోధించేది. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించుటకు 1917లో నిజాము ఉత్తర్వు ఇవ్వగా 1919లో తరగతులు ప్రారంభమయ్యాయి. అక్కడ బోధన అంతా ఉర్దూలో. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి బోధన జరపవచ్చునని ఆ రోజుల్లో చేసి చూపించిన సంస్థ అది. దాని అనువాద విభాగం గణితం, రసాయన శాస్త్రం, వైద్యం, చరిత్ర గ్రంథాలను ఉర్దూలోనికి మార్చింది. ఈ ఘనతను తక్కువ చేయుట మా ఉద్దేశం కాదు. తెలుగులో వేదాంత గ్రంథాలు కొరవడి నేటికిని ఇంగ్లీషు పుస్తకాలపై ఆధారపడే మన సెమినరీలు ఆ పనిని చూచి నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

కాని సంస్థానంలో ఎక్కువమంది మాటలాడే భాష తెలుగు. తెలుగు పిల్లవాడికి ఇంటి భాష ఒకటి, పాఠం భాష వేరొకటి, తప్పనిసరిగా చదువవలసిన ఇంగ్లీషు మూడవది. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానంలోనుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అటువంటి పట్నంలో తెలుగు విద్యార్థికి ఒక ఊరట ఏమనగా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉండుట, ఆ శాఖలో రాయప్రోలు సుబ్బారావు ఆచార్యులుగా ఉండుట. మిగిలిన గంటలన్నీ ఉర్దూలో విని, ఆ ఒక్క గంట తన అమ్మ మాటలో పద్యం వినే కుర్రవాడి సంతోషాన్ని మనము ఊహించుకోవచ్చును.

మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఉస్మానియాలో ముస్లిం విద్యార్థులకు మతధర్మ శాస్త్రం, ఇతరులకు నీతిశాస్త్రం తప్పనిసరి పాఠాలు. అనగా విశ్వాసం ఇంటి సంగతి, చదువు బడి సంగతి అని విడదీయుట ఆ విశ్వవిద్యాలయం పద్ధతి కాదు. విద్యార్థి నడత, వేషం, నమ్మకం అన్నీ తన పరిధిలోనివేనని అది తలచింది. షేర్వాణీ ఉస్మానియా విద్యార్థికి గుర్తుగా నిలిచింది. దుస్తుల విషయంలో హిందూ విద్యార్థులకు అసంతృప్తి లోలోపల ఉంటూనే వచ్చింది. పంచె కట్టుకొని పెరిగినవాడికి షేర్వాణీ గుండీలు పెట్టుకొనుట ఒక రోజు సంబరం, మరొక రోజు బరువు.

ఇక్కడ దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఎవరికైనను గుర్తుకు వస్తుంది. దానిని మనము సాధారణంగా ఆహార నియమాల గురించి ప్రసంగించుటకు వాడుకొంటాము. కాని అది ఒక హాస్టలు కథ. పరదేశపు రాజు నలుగురు యౌవనులను మూడు సంవత్సరాల చదువుకు చేర్చుకున్నాడు. కల్దీయుల భాషను, విద్యను నేర్పించాడు. పేర్లు మార్చాడు. భోజనం తన బల్లనుండే పంపించాడు. ఆ యౌవనులు భాష నేర్చుకున్నారు, క్రొత్త పేర్లకు పలికారు, పరీక్షలో అందరికన్న ముందు నిలిచారు. భోజనం దగ్గర మాత్రం ఆగిపోయారు. ఎక్కడ ఒప్పుకోవలెనో ఎక్కడ ఆగవలెనో అన్న గీత ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట పడుతుంది. 1938లో ఉస్మానియా విద్యార్థులకు ఆ గీత ఉర్దూ దగ్గర పడలేదు, షేర్వాణీ దగ్గర పడలేదు. ప్రార్థన గది దగ్గర పడింది.

ఆ పాట

1938 మామూలు సంవత్సరం కాదు. ఆ సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పూర్తిగా ఏర్పడకముందే ప్రభుత్వం దానిని నిషేధించింది. అక్టోబరు 24న స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం ప్రారంభించింది. ఆర్యసమాజం వేరుగా సత్యాగ్రహం చేసింది. ఊరేగింపులు, అరెస్టులు పట్నంలో దినచర్యయ్యాయి. విద్యార్థులు వాటిని చూస్తూ తరగతులకు పోవుచున్నారు.

విశ్వవిద్యాలయపు బి హాస్టలులో హిందూ విద్యార్థులకు ప్రార్థనకై ఒక గది ఉండేది. దసరా దినాలలోను తరువాతను వారు అక్కడ చేరి వందేమాతరం పాడసాగారు. నవంబరు నెల చివర అధికారులు దానిని నిషేధించారు. అది ప్రార్థనా గీతం కాదు, రాజకీయ గీతం, ఇతరులకు నొప్పి కలిగించేది అన్నది వారి వాదన. మా గదిలో మేము పాడుకొనే పాట మా ప్రార్థన, అది ఎవరి తలుపు తట్టదు అన్నది విద్యార్థుల వాదన. విద్యార్థులు తరగతులు మాని సమ్మె చేశారు. సమ్మె వరంగల్లు, మహబూబ్‌నగరు, గుల్బర్గా, ఔరంగాబాదు కళాశాలలకు వ్యాపించింది.

ఈ వాదనలో సత్యం ఒకే వైపున ఉన్నదని చెప్పుట సులభం. మేము అలా చెప్పలేము. బంకించంద్రుని ఆనందమఠం నవలద్వారా 1882లో పుస్తకంగా లోకానికి వచ్చిన ఆ గీతంలో మొదటి చరణాలు నేల తల్లిని వర్ణిస్తాయి. తరువాతి చరణాలు ఆమెను దేవతగా కొలుస్తాయి. ఇందువలన ముస్లిములకు కలిగిన అభ్యంతరాన్ని కాంగ్రెసు కార్యవర్గమే గుర్తించింది. రవీంద్రనాథ ఠాగూరు సలహా తీసుకొని, జాతీయ సభలలో మొదటి రెండు చరణాలే పాడవలెనని 1937 అక్టోబరులో తీర్మానించింది. అంటే ఉస్మానియాలో గొడవ రేగుటకు ఒక సంవత్సరం ముందే దేశమంతటా ఆ ప్రశ్న నలిగియున్నది. ఏక దేవుని మాత్రమే ఆరాధించే మనకు ఆ అభ్యంతరం అర్థం కాకపోదు.

అయితే అభ్యంతరమున్న పాటను నీవు పాడకుండుట ఒకటి. వేరొకడు తన గదిలో పాడుకొనుటను ఆపుట వేరొకటి. అధికారులు ఈ భేదాన్ని చూడలేదు. పైగా ఆ పాట రాజకీయమా ప్రార్థనయా అని విడదీయ చూచుటలోనే వారు పొరపడ్డారని మాకు తోచుచున్నది. బబులోను నదుల దగ్గర కూర్చుండి సీయోనును తలంచుకొని ఏడ్చినవారి కీర్తన దేశభక్తియా ప్రార్థనయా? ఆ రెండింటి మధ్య గోడ కట్టుట కీర్తనలు చదివినవారికి సాధ్యం కాదు. విద్యార్థుల పాటలోను రెండూ కలిసేయున్నాయి. అందులో రాజకీయమేమియు లేదని కొందరు అభిమానులు రాసిన మాట కూడా మేము నమ్మము. ఆ నవంబరులో సంస్థానంలో ఏ హిందూ యౌవనుడును ఆ పాటను రాజకీయం లేకుండ పాడియుండడు.

వెల

సమ్మె చేసినవారిని క్షమాపణ చెప్పి, ఇకమీదట పాడమని హామీ ఇచ్చి తరగతులకు రమ్మన్నారు. చాలామంది ఇవ్వలేదు. వందల సంఖ్యలో విద్యార్థులను బహిష్కరించారు.

ఆ మాటను ఒక వాక్యంలో దాటిపోవుట తగదు. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి కుమారుడు పెట్టెతో తిరిగి వచ్చుట అంటే ఏమిటో గ్రామాలలో పరిచర్య చేసినవారికి వివరించనక్కరలేదు. అంతకన్న కఠినమైన సంగతి ఒకటున్నది. వారు చదివినది ఉర్దూలో. సంస్థానం దాటితే ప్రతి విశ్వవిద్యాలయంలోను బోధన ఇంగ్లీషులో. ఆంధ్ర విశ్వవిద్యాలయం గాని మద్రాసు గాని తలుపు తెరచినను తరగతిలో కూర్చుండి అర్థం చేసుకొనుట మరల మొదటినుండి మొదలు. ఉస్మానియా ఘనతయైన ఉర్దూ బోధనయే వారికి ఆ రోజు గోడయైంది.

ఆ సమయంలో నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు టి.జె. కేదార్ వారిని చేర్చుకొనుటకు ఒప్పుకున్నారు. హనుమకొండలో ఇంటర్మీడియేటు చదువుచు సమ్మెలో చేరి బయటపడిన పి.వి. నరసింహారావు అప్పటికి పదిహేడేండ్ల పిల్లవాడు. ఆయన నాగపూరు పోయి ఇంటర్మీడియేటు పూర్తి చేసి, పూణేలో ఫెర్గూసన్ కళాశాలలో బి.ఎస్.సి. చదివి, మరల నాగపూరులోనే న్యాయశాస్త్ర పట్టా పొందారు. తరువాత కమ్యూనిస్టు నాయకుడైన దేవులపల్లి వెంకటేశ్వరరావు జబల్పూరులో చదువు ముగించారు. ఒకరు 1991లో దేశ ప్రధానియయ్యారు, మరొకరు సాయుధ పోరాటంలో అజ్ఞాతవాసం చేశారు. ఒకే సమ్మె, రెండు దారులు. పేరు రానివారు, ఇంకే కళాశాలకును పోలేక ఊరిలో పట్వారీ దగ్గర లెక్కలు రాసుకున్నవారు ఎందరో.

మన చేతిలో తాళపుచెవి ఉన్నప్పుడు

ఇంతవరకు చదివిన వేదాంత విద్యార్థి నిజాము అధికారులను తప్పు పట్టి పుస్తకం మూయవచ్చును. అయితే తెలుగు దేశంలో హాస్టళ్లు, ప్రార్థన మందిరాలు ఎక్కువగా నడిపినవారు మనమే. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఆరంభించిన బడిలో బైబిలు తప్పనిసరి పాఠం. 1852లో ఆ బడి విద్యార్థులైన మంచాల రత్నం, అయినాల భూషణం బాప్తిస్మం పొందినప్పుడు ఊరంతా అల్లకల్లోలమై తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు. ఆ ఇద్దరి ధైర్యాన్ని మన సంఘ చరిత్రలో గౌరవంగా తలచుకొంటాము, తలచుకోవలసిందే. మానిపించిన తండ్రుల భయాన్ని మాత్రం మన పుస్తకాలు అరపేజీకూడ వివరించవు. ఇరవయ్యవ శతాబ్దంలో వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి వంటి పెద్దలు, మిషను విద్యాసంస్థలలో ఇష్టం లేని విద్యార్థిని బైబిలు తరగతినుండి మినహాయించవలెనని కోరినప్పుడు మిషనరీలలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. బలవంతంతో విన్న సువార్త సువార్తయేనా అని అడిగినవారు మిషనరీలలోనే ఉన్నారు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం 28వ అధికరణం మూడవ ఖండంలో దీనికి సమాధానం రాసింది. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందిన విద్యాసంస్థలో చదివేవానిని అతని సమ్మతి లేకుండ, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండ, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని బలవంతపెట్టరాదు. పాఠశాలలు, హాస్టళ్లు నడిపే కాపరులలో ఈ ఖండాన్ని చదివినవారు తక్కువమంది ఉన్నారని మా అనుభవం. మైనారిటీల హక్కులిచ్చే 30వ అధికరణం అందరికిని కంఠస్థమే.

ఆ ఖండం మనకును రక్షణయే. 1985లో కేరళలో యెహోవాసాక్షుల కుటుంబపు పిల్లలు ముగ్గురు, జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలువబడి, పాడక మౌనంగా ఉన్నందుకు బడినుండి తీసివేయబడ్డారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. వారి సిద్ధాంతంతో మన సంఘాలు ఏకీభవించవు. అయినను ఒక పాటను పాడకుండుటకు బడిపిల్లలకున్న స్వేచ్ఛను ఆ తీర్పు కాపాడింది. 1938లో విద్యార్థులు అడిగినది పాడుటకు స్వేచ్ఛ, 1985లో అడిగినది పాడకుండుటకు స్వేచ్ఛ. ఇవి ఎదురెదురుగా కనబడినను ఒకే హక్కుకు రెండు ముఖాలని మేము తలంచుచున్నాము. ఒకదానికి చప్పట్లు కొట్టి మరొకదానిని నిందించే ప్రసంగాలు ఈ మధ్య ఇరుపక్షాలలోను వింటున్నాము.

మేము బి.డి. చదివిన దినాలలో వేకువ గంట, చాపెలు, ఫలహారం, గ్రీకు తరగతి ఇదే క్రమం. చాపెలు ద్వారం దగ్గర హాజరు పట్టీ ఉండేది. సంతకం పెట్టి వెనుక బల్లమీద కునుకు తీసినవారిలో నేడు పెద్ద సంఘాలకు కాపరులైనవారున్నారు. సంతకం పెట్టక గదిలోనే మోకరించినవారును ఉన్నారు. పట్టీ ఈ ఇద్దరిలో ఎవరిని ప్రార్థనాపరుడని చెప్పింది? సేవకు సిద్ధపడ వచ్చినవారికి నియమం తగినదే, దానిని తీసివేయమని మేము కోరుట లేదు. కాని సేవకు కాక ఇంజనీరింగుకో నర్సింగుకో వచ్చి మన హాస్టలులో చేరిన పిల్లవాడికి అదే పట్టీ పెట్టినప్పుడు సంగతి వేరగును. మోకిల, శంకరపల్లి, మొయినాబాదు చుట్టును అటువంటి వసతి గృహాలు నేడు పెరుగుచున్నాయి. వాటిలో అన్ని మతాల పిల్లలును ఉంటున్నారు.

హైదరాబాదు ప్రభుత్వం 1939 జూలైలో కొన్ని రాజకీయ సంస్కరణలను ప్రకటించింది, సత్యాగ్రహాలు అప్పటికి చల్లబడ్డాయి. అడిక్‌మెట్టులో 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్సు కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాము తన చేతులతో ప్రారంభించారు. గులాబి రంగు రాతితో కట్టిన ఆ భవనపు మెట్లమీద నేటికిని విద్యార్థులు ఫొటోలు తీసుకొంటారు. అక్కడ చదువవలసిన కుర్రవాళ్లు కొందరు ఆ డిసెంబరులో నాగపూరు అద్దెగదులలో కూర్చుండి, ఉర్దూలో నేర్చుకున్న గణితాన్ని ఇంగ్లీషు పుస్తకాలలో మరల నేర్చుకొంటున్నారు.